ముప్పై గొర్ల వేడి

చిట్యాలలో హైవే పక్కన పరమేష్ బేకరీ పెట్టి ఇరవై ఆరేళ్లు. ఆ ఇరవై ఆరేళ్లలో తన దుకాణంలోంచి ఏదీ ఊరికే బయటికి పోలేదని అతని ధీమా. విరిగిన బిస్కెట్లు చిన్న పొట్లాలై బడి పిల్లల చేతికి పోతాయి. మిగిలిన కేకు ముక్కలు నలిగి దిల్‌పసంద్ కడుపులో చేరతాయి. నిన్నటి బ్రెడ్డు ఇవాళ రస్కు అవుతుంది. సంచి దులిపితే రాలిన మైదాపిండిని సైతం ట్రేలకు అంటకుండా చల్లటానికి డబ్బాలో ఎత్తిపెడతాడు. బ్రెడ్డు కోసినప్పుడు రెండు వైపులా మిగిలే గట్టి కొసలున్నాయే, అవి ఒక్కటే చాలా రోజులు అతని లెక్కకు లొంగలేదు. రెండేళ్ల కిందట జానమ్మ వచ్చి వాటికీ దారి చూపించింది.

"సేటూ, గా కొసలు నా బర్రెకు పెట్టుకుంట. ఊకెనే వద్దు. నీ బట్టీ రాజేసుకోను కంపకట్టె తెచ్చిస్త" అంది.

పరమేష్‌కు ఆ మాట నచ్చింది. అప్పటి నుంచి సోమవారం, శుక్రవారం రెండు సంచుల కొసలు పోతాయి, రెండు మోపుల కట్టె వస్తుంది. జానమ్మ కురుమ మనిషి, అరవై దాటిన వయసు. చిట్యాలకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఊరు. ఇంటాయన కురుమయ్య గొర్ల మందతో చేల వెంట తిరుగుతుంటాడు. ఇంటి దగ్గర ఆమెకున్నది ఒక్క బర్రె. ఆ బర్రె వరసగా రెండు సార్లు నెలలు నిండకుండానే దూడను పారేసింది. "గొడ్డును మేపి ఏం చేస్తవు, కటికోనికి అమ్మెయ్" అని ఆమె బావ మారయ్య కులపోళ్లందరి ముందు అన్నాడు. ఆ కోపంలో జానమ్మ బీరప్ప గుడి ముందు నిలబడి మొక్కింది: తన బర్రె ఈని దూడ నిలిస్తే, వచ్చే బీరప్ప పండుగనాడు పొద్దున్నే వచ్చినవాళ్లందరి నోరూ ఆ బర్రె జున్నుతోనే తీపి చేస్తానని. ఆ ఏడు పండుగకు బర్రె ఈనలేదు. మారయ్య నవ్వాడు. మరుసటేడు, అంటే తెలంగాణ వచ్చిన అయిదో ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఆదివారం పండుగ అనగా శుక్రవారం తెల్లవారుజామున అది ఈనింది.

ఆ పొద్దున జానమ్మ కొసల కోసం రాలేదు. కట్టె మోపు కూడా తేలేదు. భుజాన గొంగడి, చేతిలో మూత బిగించిన పాల క్యాను.

"సేటూ, ఈనింది! దుడ్డె పుట్టింది. లేసి నిలబడి పాలు గూడ తాగింది."

"సల్లటి మాట చెప్పినవవ్వా" అన్నాడు పరమేష్, గల్లా దగ్గర్నుంచి లేవకుండానే.

"గదే సూడు, ఇప్పుడు నాకు కష్టమొచ్చింది." ఆమె క్యానును బల్ల మీద పెట్టి విషయం చెప్పింది. ఇంట్లో కుండలో ఆవిరి మీద పెడితే ఇరవై మందికి జున్ను అవుతుంది. పెద్ద గంజులో కాస్తే పగిలిపోతుంది. పండుగకు వచ్చేవాళ్లు మూడు వందలు. ఇంత పెద్ద బట్టీ ఉన్నది తనకు తెలిసినవాళ్లలో పరమేష్ ఒక్కడికే.

పరమేష్ బుర్ర అప్పటికే లెక్కలోకి దిగింది. ఏ మాటైనా అతని చెవిలో పడగానే కిలోలుగా, ట్రేలుగా, గంటలుగా విడిపోతుంది.

"పాలెన్ని?"

"పొద్దుగాల మూడు లీటర్లు పిండిన. మాపటికి రెండొస్తయి. రేపు పొద్దుగాల నాలుగు."

"గంత పెద్ద బర్రెకు మూడేనా?"

"నాలుగు చన్లల్ల రెండు దుడ్డెకు ఇడిసిన."

"గా రెండు గూడ పిండవ్వా. రెండు దినాలే గదా. దుడ్డెకు డబ్బా పాలు పోద్దాం."

జానమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నీకు లెక్క ఎరుకే గని సేటూ, ఏది ఎవలిదో ఎరుకలేదు. గవి నా పాలు గావు."

తొమ్మిది లీటర్లు, మూడు వందల మంది. మనిషికి ముప్పై మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా మూతతో రెండు మూతలు. పరమేష్ నవ్వబోయి ఆపుకున్నాడు.

"నార్కట్‌పల్లి దిక్కు బర్లోళ్లు నాకు తెలుసు. ఇంకో ఇరవై లీటర్లు జున్నుపాలు కొందాం."

"జున్నుపాలు అమ్మరు, కొనరు. పంచుకుంటరు. కొన్న జున్నుతోని మొక్కు తీరుతదా? మామూలు పాలు ఎన్నన్న కలుపు, బెల్లం కలుపు, జున్ను మటుకు నా బర్రెదే ఉండాలె."

"సరే, బ్రెడ్డు కలిపి మీఠా లెక్క చేస్త. పెండ్లిళ్లకు చేసిన నేను. గని గది గట్టిపడాల్నంటే నూట ఇరవై గుడ్లు పడతయి."

"అయ్యో, గుడ్డా!" జానమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "దేవుని ముందు రంగులతోని పట్నం ముగ్గేసేదాక ఆ దినం ఎవలు నీసు ముట్టరు. పాలు, తీపి, గంతే."

గుడ్డు లేకుండా బ్రెడ్డు మీఠా ముక్కగా తెగదు. ఇది పరమేష్ ఇరవై ఆరేళ్ల అనుభవం. ఆమె మాత్రం అదేం లెక్కలేనట్టు, "జున్నుపాలకు గుడ్డెందుకు?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మొక్కు తప్పితే దుడ్డె దక్కదు సేటూ. రెండు పోయినయి. మూడోది పోతే నేను సూడలేను" అంది.

ఆ ముసలామె కళ్లలోకి చూసి ఒప్పుకున్నానని పరమేష్ తర్వాత చెప్పుకున్నాడు గానీ, ఆ క్షణాన అతను వేసుకున్న లెక్క వేరు. మూడు వందల మంది అంటే కనీసం ఎనభై ఇళ్లు. ఎనభై ఇళ్లలో ఏటా ఎన్ని పుట్టినరోజు కేకులు! పొద్దున్నే తన సరుకు తిన్న నోరు తన దుకాణాన్ని మరచిపోదు.

పరమేష్ భార్య మమత క్యానును లోపలికి తీసుకుని, పాలు గిన్నెల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఖాళీ క్యానును నల్లా కింద పెట్టబోతే జానమ్మ అరిచినంత పని చేసింది.

"కడగకు బిడ్డా! జున్నుపాలు తెచ్చిన గిన్నె కడిగిస్తే బర్రెకు పాలు ఆరిపోతయంటరు. ఉత్తగ గూడ పంపొద్దు. ఏదన్న ఏసియ్యాలె."

"కడగకపోతే వాసనొస్తది గద అవ్వా" అని మమత నవ్వింది.

"రానీ. మొక్కు తీరినంక తీస్కపోత. అందాక మూల పెట్టు."

బేకరీలో కడగని గిన్నె మూల కూర్చోవటం అదే మొదటిసారి. పక్కనుంచి పోయినప్పుడల్లా పరమేష్ కళ్లు దాని మీద పడుతూనే ఉన్నాయి.

అసలు సరుకు దించేముందు నమూనా చేయనివాడు వ్యాపారి కాడు. మధ్యాహ్నం బన్నులు బట్టీలోకి పోతున్నప్పుడు పరమేష్ లీటరు జున్నుపాలు, రెండు లీటర్ల మామూలు పాలు, బెల్లం, యాలకుల పొడి కలిపి, బ్రెడ్డు ముక్కల మీద పోసి ఒక ట్రే తయారుచేశాడు. బట్టీ పని చూసే వెంకన్న దాన్ని పొడుగు కట్టె పార మీద ఎక్కించి బన్నుల పక్కకు తోశాడు. వెంకన్న పదిహేనేళ్లుగా ఆ బట్టీ ముందు నిలబడుతున్న మనిషి, మాట తక్కువ. ఇరవై అయిదు నిమిషాలకు ట్రే బయటికి తీశారు. బ్రెడ్డు ముక్కలు పైన తేలి మాడాయి. కింద రబ్బరులాంటి తెల్లటి గడ్డలు, వాటి చుట్టూ పచ్చటి నీళ్లు.

వెంకన్న వంగి చూసి, "పగిలినయ్" అన్నాడు.

మమత గరిటెతో ఒక గడ్డను పైకెత్తి చూపించింది. "ఏందయ్యా, పన్నీరు పులుసా ఇది? మూడు వందల మందికి గిదే పెడతవా?"

లీటరు పోయింది. మిగిలింది పొద్దుటి రెండు, సాయంత్రం వచ్చే రెండు, రేపటి నాలుగు. మొత్తం ఎనిమిది. పోయినదాన్ని తిరిగి తెప్పించే దారి పరమేష్‌కు దొరకలేదు. మైదా పోతే మైదా వస్తుంది, నెయ్యి పోతే నెయ్యి వస్తుంది. ఈ పాలు మాత్రం లోకంలో ఒక్క బర్రె దగ్గర, రెండు రోజులే ఉంటాయి. ఇలాంటి సరుకు అతని చేతికి ఎప్పుడూ రాలేదు. ఆ సాయంత్రం కురుమయ్య రెండు లీటర్లు తెచ్చిచ్చి పోతే, ఆ గిన్నెను పరమేష్ రెండు చేతులతో ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టాడు.

శనివారం పొద్దున్నే జానమ్మ నాలుగు లీటర్లతో వచ్చింది. ట్రే చూపించక తప్పలేదు. ఆమె తిట్టలేదు. పచ్చటి నీళ్లలో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, మెల్లగా అడిగింది.

"ఎంత మంట మీద పెట్టినవ్ కొడుకా?"

రెండేళ్లలో ఆమె నోట 'సేటు' పోయి 'కొడుకా' వచ్చింది ఇప్పుడే. పరమేష్‌కు తిట్టినా బాగుండేదనిపించింది.

"బన్నుల మంట."

"మంట మీద జున్ను నిలుస్తదా!" జానమ్మ పిండి సంచి మీద కూర్చుంది. "మా తల్లిగారిది మర్రిగూడ దిక్కు. ఆడి ఫ్లోరైడు నీళ్లు తాగి మా అమ్మకు ముప్పై అయిదేండ్లకే పండ్లు ఊడినయి. మోకాళ్లు వంగకపోయేటియి. గంటలు గంటలు పొయ్యి కాడ కూసునుడు ఆమెతోని కాకపోయేది. పొద్దు గూకినంక పిడకలన్ని కాలి బూడిదైతయి గద, గా ఎచ్చటి బూడిదల జున్ను కుండ పాతిపెట్టి పండేది. తెల్లారి తీస్తే నోట్లె ఏసుకోంగనే కరిగేది. పండ్లు లేని మా అమ్మ ఏడాదంతల కడుపు నిండ తినేది గదొక్కటే. జున్నుకు మంట వద్దు కొడుకా. మంట పోయినంక ఉంటది సూడు, గా ఎచ్చదనం కావాలె."

మంట పోయినంక ఉండేది. పరమేష్ తల తిప్పి బట్టీని చూశాడు.

రోజూ నాలుగు గంటలకు ఆఖరి రస్కులు దిగుతాయి. వెంకన్న బొగ్గులు లాగేసి, తలుపు బార్లా తెరిచి వదిలేస్తాడు. ఆ ఇటుకలు ఎంత వేడి తాగి ఉంటాయంటే, మర్నాడు పొద్దున కూడా బట్టీ కప్పు మీద రెండు పిల్లులు వెచ్చగా ముడుచుకుని పడుకుంటాయి. ఏడాదికి కనీసం మూడు వందల సాయంత్రాలు. ఇరవై ఆరేళ్లు. ఏడు వేల ఎనిమిది వందల సాయంత్రాల వేడిని తలుపు తెరిచి హైవే మీదికి పంపించాడు. రాలిన పిండిని డబ్బాలో ఎత్తిపెట్టే మనిషి! కోపం రావాల్సింది, రాలేదు. తన ఇంటి గోడ వెనక ఇన్నాళ్లూ ఒక గది ఉందని, దానికి తలుపు ఉందని ఎవరో చూపించినట్టయింది.

"వెంకన్నా, నీకు తెల్వదా గీ సంగతి?"

"పిల్లులకు తెలుసు" అన్నాడు వెంకన్న.

ఇక లెక్క కూర్చోవాలి. మొదటినాటి పాలకు బలమెక్కువ, రెండోనాటికి తగ్గుతుంది అని జానమ్మ చెప్పింది. నిన్నటివి నాలుగు లీటర్లు, ఒకటికి మూడు చొప్పున మామూలు పాలు కలిపితే పదహారు. ఇవాళ్టివి నాలుగు, ఒకటికి ఒకటి కలిపితే ఎనిమిది. ఇరవై నాలుగు లీటర్లు. ఆరు కిలోల బెల్లం. పద్నాలుగు కిలోల బ్రెడ్డు. మొత్తం నలభై నాలుగు కిలోలు. ఇరవై ట్రేలు, ట్రేకు పదిహేను ముక్కలు, మూడు వందలు. బొటాబొటిగా సరిపోయింది. పరమేష్ కాగితాన్ని రెండు సార్లు చూసుకున్నాడు. ఒక బర్రె, రెండు చన్లు, మూడు వందల నోళ్లు. ఈ కాగితం అబద్ధం చెబుతోందా అనిపించింది.

బ్రెడ్డు కొత్తది కోయబోతే జానమ్మ అడ్డం పడింది. "మెత్తంది పాలల్ల పడంగనే ముద్దయితది. నా సంచులల్ల కొసలు తియ్యి. గట్టిగున్నయి గద, పాలు మంచిగ పీలుస్తయి."

"మరి బర్రెకు?"

"రెండు దినాలు ఎండుగడ్డి తింటది తియ్. రెండేండ్లు తిన్నది గద నీ కొసలు. ఆ పాలు యాడికెల్లి వచ్చినయి అనుకుంటున్నవ్?"

పరమేష్ చేతిలో కొస ముక్క ఒకటుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తను పారేద్దామనుకున్నది బర్రె కడుపులోకి పోయి, పాలై, తిరిగి ఇవాళ ఇదే కొసల మీదికి వచ్చి పడుతోంది. తన పుస్తకంలో ఏ పేజీలోనూ ఇలాంటి రాకపోకలు లేవు.

వెంకన్న బట్టీ చూసుకుంటుంటే మధ్యాహ్నమంతా మిగిలిన ముగ్గురూ పనిలో దిగారు. చల్లటి పాలల్లో బెల్లం కరిగించి, బట్టలో వడకట్టి, యాలకులు, కాస్త మిరియాల పొడి కలిపారు. కొసల ముక్కలు ట్రేలలో పరచి మీద పాలు పోశారు. నిజంగానే కొసలు మెల్లమెల్లగా పాలు తాగుతూ, విరగకుండా ఉబ్బాయి.

నాలుగుకు రస్కులు దిగాయి. వెంకన్న బొగ్గులు లాగాడు. పరమేష్ అలవాటు కొద్దీ గడియారం చూస్తుంటే జానమ్మ ముంజేయి దాకా చెయ్యి బట్టీలో పెట్టి, పెదాలు కదిలిస్తూ నిలబడింది. కాసేపటికి చెయ్యి లాక్కుంది.

"పదకొండు. ఇంక వేడెక్కువున్నది."

"పదకొండేందవ్వా? నిమిషాలా?"

"గొర్లు. మాపటీలి దొడ్డి కాడ నిలబడ్డప్పుడు గొర్లు ఒకటెన్క ఒకటి దూరుతయి సూడు, గట్ల లెక్కపెట్టాలె. తొందరపడొద్దు. మా అమ్మ బూడిదల చెయ్యి పెట్టి గిట్లనే లెక్కపెట్టేది. ముప్పై గొర్లు దొడ్లకు పోయేదాక చెయ్యి ఓర్సుకుంటే, గప్పుడు పెట్టాలె కుండ."

అయిదున్నరకు పంతొమ్మిది గొర్లు పోయాయి. ఆరుకు ఇరవై నాలుగు. ఆరున్నరకు జానమ్మ, "నువ్వు పెట్టు" అంది. పరమేష్ చొక్కా చెయ్యి మడిచి లోపల పెట్టాడు. అతనికి సొంత గొర్రె ఒక్కటి లేదు. అయినా హైవే పక్క చేలలో ఎప్పుడో చూసిన దొడ్డిని గుర్తు తెచ్చుకున్నాడు. తడికె సందులోంచి ఒక తల, వెనకే ఇంకో తల. ఇరవై దగ్గర చర్మం చురుక్కుమంది. ఇరవై అయిదు దగ్గర లాగేద్దామనుకున్నాడు. ముప్పయ్యోది కుంటుతూ లోపలికి పోయింది. చెయ్యి తీశాడు.

"ముప్పై."

"పెట్టున్రి" అంది జానమ్మ.

ఇరవై ట్రేలూ లోపలికి పోయాయి. వెంకన్న ఇనుప తలుపు మూసి, తడి మైదా ముద్దతో అంచులన్నీ మెత్తి సందు లేకుండా చేశాడు.

"నడుమల ఒక్కసారి తీసి సూస్తె?" అన్నాడు పరమేష్. బిస్కెట్లను పది నిమిషాలకోసారి చూడకపోతే అతనికి తోచదు.

"కోడి పొదుగుతుంటె లేపి సూస్తవా?"

జానమ్మ దుడ్డె దగ్గరికి పోయింది. దుకాణం కట్టేసేముందు పరమేష్ మూతపడిన తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది, అంతే. లోపల ఏం జరుగుతోందో చెప్పే గడియారం లేదు. చెయ్యి చేసేదేమీ లేదు. సరుకును ఇలా పూర్తిగా ఒప్పజెప్పి పోవటం అతనికి కొత్త. పైగా అది తన సరుకు కాదు. పగిలితే ఒక ముసలామె ఒక దుడ్డె ముందు కూర్చుని దాని ఊపిరి లెక్కపెడుతుంది.

తెల్లవారుజామున జానమ్మ ఆటో ట్రాలీ తీసుకుని వచ్చేసరికి నలుగురూ బట్టీ ముందు చేరారు. వెంకన్న ఎండిన మైదాను ఉలితో కొట్టి రాల్చాడు. తలుపు తెరిచాడు. ముందు వాసన వచ్చింది. కాగిన పాలు, బెల్లం, కాల్చిన గోధుమ, వాటన్నిటి అడుగున పచ్చిక లాంటిదేదో. ఇరవై ఆరేళ్లలో ఆ బట్టీలోంచి వెయ్యి రకాల వాసనలు వచ్చాయి, ఇది వాటిలో లేదు.

మొదటి ట్రే బయటికి వచ్చింది. పైన పలచటి బంగారు పొర, ఎక్కడా పగులు లేదు, చుక్క నీరు లేదు. పరమేష్ ట్రే అంచును తట్టాడు. మొత్తం ఒకే ముక్కలా సన్నగా వణికి, నిలబడింది. కత్తి దించాడు. గుడ్డూ లేదు, పిండీ లేదు, కస్టర్డ్ పొడీ లేదు. కత్తి దిగినచోట అద్దంలాంటి గోడ నిలిచింది. కొసలన్నీ లోపల మెత్తటి దూదిలా కరిగిపోయి, ఎక్కడ బ్రెడ్డు అయిపోయి ఎక్కడ జున్ను మొదలైందో కనిపించలేదు.

వెంకన్న భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. మమత చెంపల మీద చేతులు ఆనించుకుంది. మూడు రోజుల కింద ఆ పాలు ఈ లోకంలో లేవు. ఆ బలం గడ్డిలో లేదు, నీళ్లలో లేదు, తను ఇచ్చిన కొసల్లో అసలే లేదు. పుట్టిన దూడ కోసం ఎవరో ఎక్కడో కొలిచి పెట్టినది. ఆ కొలతలోంచి ఇంత పక్కకు తీస్తే మూడు వందల మందికి నిలబడింది. పరమేష్ ట్రేలు లెక్కపెట్టసాగాడు.

ఇరవయ్యో ట్రే వెనక గోడకు ఆనుకుని ఉండిపోయింది. అది పగిలింది.

"రెండు వందల ఎనభై అయిదు" అన్నాడు పరమేష్. "పదిహేను తక్కువవ్వా."

"నడువు పోదాం" అంది జానమ్మ.

ఊళ్లో బీరప్ప గుడి ముందు షామియానా వేసి ఉంది. డోళ్లు ఇంకా మొదలు కాలేదు. పరమేష్ ట్రాలీ దిగి జనాన్ని చూశాడు. మూడు వందలని ఎవరు చెప్పారు! జానమ్మ గొడ్డు బర్రె ఈనిందని, జున్ను పంచుతుందని చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు తెలిసిపోయింది. అతను బస్తాలు లెక్కపెట్టినట్టు వరసలుగా తలలు లెక్కపెట్టాడు. మూడు వందల అరవై దాటాక కూడా ఆటోలు వస్తూనే ఉన్నాయి. అందరికీ ముందు, కుర్చీలో కర్ర ఆనించుకుని మారయ్య.

"ఏం జానమ్మా, తెచ్చినవా? అందరికొస్తదా, మా దిక్కు రాంగనే అయిపోతదా?"

పరమేష్ జానమ్మ చెవిలో అన్నాడు, "అవ్వా, నాలుగు వందలు దాటుతరు. నా లెక్క తప్పింది."

ఆమె అతని చేతిలోంచి కత్తి తీసుకుంది. మొదటి ట్రే ముందు కూర్చుని ప్రతి ముక్కనూ నడిమికి కోయటం మొదలుపెట్టింది.

"నోరు తీపి చేస్తనని మొక్కిన కొడుకా. కడుపు నింపుతనని మొక్కలే."

అయిదు వందల డెబ్బై. పరమేష్ తల లెక్క కట్టకముందే ఆమె కత్తి కట్టేసింది. చిన్నముక్క అయినా నలగలేదు, ఒరగలేదు, అంచులు నిలబడే ఉన్నాయి.

మొదటి ముక్క దేవుడి ముందుకు పోయింది. రెండోది ఇస్తారాకులో పెట్టుకుని జానమ్మ తిన్నగా కుర్చీ దగ్గరికి నడిచింది.

"కటికోనికి అమ్ముమన్న బర్రె జున్ను బావా. తిను."

చుట్టూ నవ్వులు లేచాయి. మారయ్యకు పళ్లు నాలుగో అయిదో మిగిలాయి. ముక్కను నోట్లో పెట్టుకుని నమలబోయాడు. నమలటానికేమీ దొరకలేదు. అతని దవడ ఆగిపోయింది. ఇస్తారాకు చాచాడు.

"ఇంకోటెయ్."

ఇంకోటి వేసింది.

"గుడ్డేసిన్రా దీంట్ల?"

"ముట్టలే."

"పిండి?"

"లే."

"మరెట్ల నిలబడ్డది?"

జానమ్మ పరమేష్ వైపు చూసింది. మారయ్య కూడా చూశాడు. సరుకు గురించి ఎవరేమడిగినా పరమేష్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఏ మైదా ఎంత నీరు తాగుతుందో, ఏ నెయ్యి ఎన్నాళ్లు నిలుస్తుందో, అడగకముందే చెబుతాడు.

"నాకు తెల్వది పెద్దయ్యా" అన్నాడు. ఆ మాట చెప్పటం నష్టంగా అనిపించలేదు.

వరసలు కదిలాయి. పండ్లు లేని ముసలివాళ్లు, చంకలో పిల్లలున్న తల్లులు, డోళ్లు కొట్టేవాళ్లు, పక్క ఊళ్ల నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు. పరమేష్ నాలుగు వందల పన్నెండు దాకా లెక్కపెట్టి ఆపేశాడు. ఇక లెక్కపెట్టాలనిపించలేదు. తిన్నవాళ్లలో కొందరు రెండోసారి వచ్చారు, మారయ్య నాలుగోసారి వచ్చాడు. పట్నం వేసేవాళ్లు రంగులు తెచ్చేసరికి పంతొమ్మిది ట్రేలలో సగం ట్రే మిగిలి ఉంది.

జానమ్మ అతని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. పాకలో దుడ్డె తల్లి పొదుగును తలతో కుమ్ముతూ పాలు తాగుతోంది. తోక ఒక్క క్షణం ఆగటం లేదు. జానమ్మ దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. దుడ్డె తాగుతున్నవి ఆ రెండు చన్లే. వాటినీ పిండమని శుక్రవారం తనే అన్న మాట గుర్తొచ్చి పరమేష్ చూపు నేల మీదికి దించుకున్నాడు.

మధ్యాహ్నం దుకాణం తెరిచి బట్టీ రాజేశాక ట్రేలన్నీ నల్లా కిందికి పోయాయి. మూలనున్న క్యాను మాత్రం అలాగే ఉంది, అడుగున పాలు ఎండి పసుపు పొర కట్టి. రేపు సోమవారం, కొసల కోసం జానమ్మ వస్తుంది. పరమేష్ అప్పుడే దిగిన బ్రెడ్డును, కొసలు కూడా కోయకుండా నిండుగా, కాగితంలో చుట్టి ఆ క్యానులో పెట్టి మూత బిగించాడు. మమత చూసింది గానీ వాసన సంగతి ఎత్తలేదు.

ఆఖరి రస్కులు దిగాయి. వెంకన్న బొగ్గులు లాగి, అలవాటుగా తలుపు బార్లా తెరవబోయాడు.

"ఆగు" అన్నాడు పరమేష్. చొక్కా చెయ్యి మడిచి ముంజేయి దాకా లోపల పెట్టి, కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

మమత గల్లా దగ్గర్నుంచి తొంగి చూసింది. "ఏం లెక్కపెడుతున్నవయ్యా?"

"మాట్లాడకు" అన్నాడతను. "దొడ్లకు పోతున్నయి."